ఒతీలియా అత్త బల్ల

జాగ్రెబ్‌లో మా పాత కార్టూన్ స్టూడియో పెరటి గది గురించి ఎవర్ని అడిగినా ఒకటే మాట చెబుతారు. అక్కడ కిటికీ పక్కనున్న బల్ల మీద తెల్ల కాగితం వదిలేసి ఇంటికి పోకూడదు... పోతే, తెల్లారేసరికి అది తెల్లగా ఉండదు.

స్టూడియో ఎప్పుడో మూతపడింది. ఇప్పుడు అక్కడ కాలేజీ పిల్లలకి బొమ్మల సినిమాలు తియ్యడం నేర్పుతున్నారు. గోడలకి సున్నం కొట్టారు, కిటికీలు మార్చారు. ఆ బల్లని మాత్రం ఎవరూ కదపలేదు. ఎందుకని అడిగితే బరువంటారు. బరువూ లేదు, పాడూ లేదు.

నేను ఆ స్టూడియోలో కెమెరా పని చేసినవాణ్ణి. దెయ్యాలంటే నమ్మకం లేదు నాకు, నమ్మేవాళ్లంటే చిరాకు కూడా. అందుకే విన్నది విన్నట్టు చెబుతాను. సగం అక్కడ చదివే యాగొద అనే పిల్ల చెప్పింది, సగం వాళ్లకి పాఠాలు చెప్పే జ్వొనిమిర్ మాస్టారు రాకియా అనే సారా తాగుతూ చెప్పాడు. చివరిది మాత్రం — నా కళ్లతో నేను చూసింది.

ఆ బల్ల ఒతీలియా అత్తది, స్టూడియోలో అందరికీ ఆమె అత్తే. చేత్తో గీసే సినిమాలో పెద్ద కళాకారుడు అసలు భంగిమలు గీసి పారేస్తాడు. ఒక కాగితం మీద మనిషి కూర్చునుంటాడు, ఇంకో కాగితం మీద లేచి నిలబడి ఉంటాడు. ఆ రెంటికీ మధ్య మనిషి లేచే కదలికంతా ఇంకొకరు గియ్యాలి, కాగితం తర్వాత కాగితం. తెర మీద పేరు పడేది మొదటివాడిది. ఒతీలియా అత్త బతుకంతా రెండో పనే చేసింది. కింద దీపం వెలిగే గాజు బల్ల మీదికి ఒంగి, ఎడం చేత్తో, తల ఎత్తకుండా గీసేది. నా కోటు జేబులో ఎప్పుడూ రొట్టె ముక్కలుంటాయని నన్ను "పిచ్చుకా" అని పిలిచేది. ఆ పేరుతో నన్ను పిలిచింది ఆమె ఒక్కతే.

ఒక చలికాలం ఆ బల్ల మీదే తల వాల్చి పోయింది. చేతిలో పెన్సిల్ అలాగే ఉంది. ముందు బొమ్మ ఉంది, చివరి బొమ్మ ఉంది, మధ్య కాగితాలు సగం తెల్లగానే ఉన్నాయి.

మొదలుపెట్టిన పని మధ్యలో వదలడం ఆమెకి చేతకాదు. ఆమె పోయినప్పుడే అందరితో అన్నాను ఈ మాట... నవ్వుతూనే అన్నాను.

ఇక తిహానా సంగతి. స్లవోనియా మైదానం నుంచి వచ్చిన పల్లె పిల్ల, ఆఖరి సంవత్సరం. మంచు కరిగేలోగా సినిమా పూర్తికాకపోతే పట్టా రాదు. పట్టా లేకపోతే ఊరికెళ్లి పిన్ని బేకరీలో రొట్టెలు అమ్ముకోవాలి. ఆ పిల్ల భయమంతా అదే.

ఆమె సినిమాలో పెద్ద కథేం లేదు. ఒక అమ్మాయి కూర్చుని బొమ్మ గీస్తుంటుంది. లేస్తుంది, తలుపు తీసుకుని వెళ్లిపోతుంది. కుర్చీ ఖాళీగా మిగులుతుంది. ఆ అమ్మాయికి తన మొహమే పెట్టుకుంది. ఈ పనివాళ్లందరూ ఎదురుగా అద్దం పెట్టుకుని తమను చూసే గీస్తారు. అద్దంలో మనిషికి జీతం ఇవ్వక్కర్లేదు కదా.

గదిలో వేరే చోటు లేక ఆ బల్లే దక్కింది తిహానాకి. పక్క బల్ల యాగొదది. వెళ్లేటప్పుడు కాగితాలు తీసెయ్యమని, అందరూ తీస్తారని చెప్పింది యాగొద.

"ఎందుకే, ఎలకలు తింటాయా?" అంది తిహానా.

పెడచెవిన పెట్టింది. పైన తను కూర్చున్న బొమ్మ, అడుగున ఖాళీ కుర్చీ బొమ్మ, మధ్యలో తెల్ల కాగితాలు పెట్టి, కదలకుండా బల్లకున్న చిన్న మేకులకి తగిలించి, అలిసిపోయి ఇంటికెళ్లింది.

పొద్దున వచ్చి చూస్తే... తెల్ల కాగితాల్లో పైవి కొన్ని గీసి ఉన్నాయి. బొమ్మలో అమ్మాయి కుర్చీలోంచి లేవడం మొదలుపెట్టింది. పని ఎంత నాజూగ్గా ఉందంటే, తిహానా వెళ్లి యాగొదని కావలించుకుంది. యాగొద గీయలేదని ఒట్టేసింది. గీతలన్నీ ఎడం చేత్తో గీసినట్టు ఎడమవైపుకి వాలి ఉన్నాయి; వాళ్లిద్దరిదీ కుడి చేతివాటమే.

ఎవరైతే నాకేం, పని నడుస్తోంది అనుకుంది తిహానా. మర్నాడు రాత్రి కూడా కాగితాలు వదిలింది. ఆ తర్వాత రాత్రి కూడా.

బొమ్మలో అమ్మాయి లేచి నిలబడింది. కుర్చీని వెనక్కి జరిపింది. అడుగు వేసింది...

అప్పట్నుంచి, బొమ్మకి ఇవతల, తిహానాని మనుషులు చూడటం మానేశారు. కాఫీ దుకాణం ఆవిడ అందర్నీ అడిగి ఈమెని దాటిపోయేది. ట్రామ్ తలుపులు మొహం మీద మూసుకునేవి. మాస్టారు పేర్లు పిలుస్తూ ఈమె పేరు వదిలేసేవాడు. తిహానా నవ్వుకుంది — అందరూ పరధ్యానం మనుషులే అని. ఒక ఆదివారం ఇంటికి ఫోన్ చేసింది.

"ఎవరమ్మా నువ్వు?" అంది తల్లి.

ఆ పూట నవ్వు రాలేదు. బల్ల దగ్గరికెళ్లి, గీసి ఉన్నవాటిలో చేతికందిన కాగితం ఒకటి చింపేసింది. తర్వాతి రోజు... ఆ రోజు లేదు. రాత్రి పడుకుంది, కళ్లు తెరిచేసరికి ఆ రోజు దాటి మర్నాడైంది. మధ్యలో తను ఎక్కడుందో ఎవరూ చెప్పలేకపోయారు. యాగొద కూడా. తనకైతే అసలే తెలీదు.

యాగొద ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని, కాగితాల కట్టతో సహా మాస్టారి దగ్గరికి లాక్కెళ్లింది. చెయ్యి వదిలితే ఈ పిల్ల ఎవరో తనకీ గుర్తుండదేమోనని భయం వేసిందట.

జ్వొనిమిర్ మాస్టారు కాగితాల కట్ట వేళ్ల మధ్య పెట్టుకుని గలగలా ఆడించి చూశాడు. అమ్మాయి తలుపు దాకా వచ్చేసింది. గీసినవాటిలో ఆఖరి కాగితం మీద ఒక భుజం, తలుపు చట్రం మీద ఒక చెయ్యి, అంతే మిగిలాయి. మాస్టారు కట్టని జాగ్రత్తగా కింద పెట్టాడు.

"చివర ఖాళీ కుర్చీ పెట్టావు," అన్నాడు మెల్లగా. "ఒతీలియా అత్త తప్పేం లేదు. నువ్వు ఎక్కడికి వెళ్లాలన్నావో అక్కడికే నడిపిస్తోంది."

"మొత్తం చింపెయ్యనా మాస్టారూ?"

"ఒకటి చింపితే ఒక రోజు పోయింది. మొత్తం చింపితే..." ఆ మాట పూర్తి చెయ్యలేదు. "ఖాళీ కుర్చీ తర్వాత ఇంకో బొమ్మ పెట్టు. తిరిగొచ్చి కూర్చున్నట్టు. ఎవరి చివరి బొమ్మ వాళ్లే గియ్యాలి. ఈ రాత్రే గియ్యి."

బయట సావా నది మీంచి పొగమంచు కమ్మేసింది. గదిలో బల్ల కింద దీపం తప్ప ఇంకో వెలుగు లేదు. తిహానా అద్దం ముందు కూర్చుంది. అద్దంలో కుర్చీ వీపు కనబడుతోంది, వెనక గోడ కనబడుతోంది...

అద్దాన్ని బోర్లించి, తనని తాను గుర్తు తెచ్చుకుంటూ గీసింది. జుట్టు, మొహం, భుజాలు, అమ్మ అల్లిన స్వెట్టరు. బొమ్మలో పెన్సిల్ పట్టుకున్న చెయ్యి దగ్గరికొచ్చేసరికి ఆమె వేళ్లు ఇంక సాగలేదు. చేతి బదులు అక్కడ ఒక సున్నా చుట్టి ఆగింది. ఈ వృత్తిలో అదొక అలవాటు. పెద్ద కళాకారులు కచ్చాగా వదిలేస్తారు, మధ్య బొమ్మలవాళ్లు శుభ్రం చేసుకుంటారు.

"చెయ్యి సంగతి ఆవిడ చూసుకుంటుందిలే," అన్నాడు మాస్టారు, ఆ అలవాటు కొద్దీ.

ఎంత తెలివైనవాడికైనా ఒక్కోసారి బుద్ధి గడ్డి తింటుంది.

తెల్ల కాగితాలు పెట్టి, తలుపు దగ్గరగా వేసి, ముగ్గురూ మెట్ల మీద కూర్చున్నారు. తిహానా యాగొద భుజం మీద తల పెట్టుకుంది. కాసేపటికి లోపల... పెన్సిల్ గీరుడు. ఆగి ఆగి కాగితం తిప్పిన చప్పుడు. యాగొద భుజం మొద్దుబారిపోయింది, అయినా కదల్లేదు.

తెల్లవారుజామున గీరుడు ఆగింది. కుర్చీ కిర్రుమంది. యాగొద భుజం మీద బరువు... చటుక్కున తగ్గింది. తిరిగి చూస్తే పక్కన ఎవరూ లేరు.

"లోపలికి రండి, అయిపోయింది," అంది గదిలోంచి తిహానా గొంతు.

కుర్చీలో కూర్చునుంది. బుగ్గల్లో రంగు వచ్చింది. ఆ పొద్దున తల్లి తనంతట తనే ఫోన్ చేసి, ఏమే తిహానా, బతికున్నావా లేదా అని తిట్టింది. కాఫీ ఆవిడ పలకరించింది. యాగొద సంతోషం పట్టలేక ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూనే చూసింది — పెన్సిల్ ఎడం చేతిలో ఉంది.

మాస్టారి దగ్గర దానికి జవాబు సిద్ధంగా ఉంది. అద్దంలో చూసి గీసుకున్న బొమ్మ, అద్దంలో కుడి ఎడమవుతుంది, అంతే అన్నాడట.

"ఆ బొమ్మ అద్దంలో చూసి గియ్యలేదు కదా మాస్టారూ," అంది యాగొద.

ఆ ప్రశ్న దగ్గరికి వచ్చినప్పుడల్లా మాస్టారు ఇంకో గ్లాసు పోసుకుంటాడు. నా ముందూ అదే చేశాడు.

చెట్లు చిగురు వేశాక పిల్లల సినిమాలు చూపించారు. పాతవాణ్ణని నన్నూ పిలిచారు. తిహానా సినిమా బావుంది. అమ్మాయి లేచి తిన్నగా తలుపు దాటి వెళ్లింది. కుర్చీ చాలాసేపు ఖాళీగా ఉంది. తర్వాత తిరిగొచ్చి కూర్చుంది. పట్టా ఖాయమని అందరూ చప్పట్లు కొట్టారు. అద్దం సంగతి మాస్టారు చెప్పిందే నిజమని నేనూ తీర్మానించుకుని, కోటు వేసుకుంటున్నాను.

ఆ పిల్ల జనంలోంచి నేరుగా నా దగ్గరికొచ్చింది. నన్ను ఎవరూ పరిచయం చెయ్యలేదు. కొంచెం ఒంగి నడుస్తోంది. నా కోటు జేబు వైపు చూసి, ముసిముసిగా నవ్వింది.

"ఇంకా రొట్టె ముక్కలేనా, పిచ్చుకా?"

ఆమె మొహం మీంచి చూపు తప్పించి తల పైకెత్తాను. ఆమె వెనక తెర మీద, ఆలస్యంగా వచ్చినవాళ్ల కోసం, సినిమా మళ్లీ మొదలైంది. బొమ్మలో అమ్మాయి కుర్చీలోంచి లేచింది. తలుపు దాకా వెళ్లింది. కుడి చెయ్యి చట్రం మీద వేసి ఆగింది... వెనక్కి తిరిగి, హాల్లో కూర్చున్న మమ్మల్నందర్నీ ఒక్కొక్కరినే చూసింది.

మొదటిసారి వేసినప్పుడు బొమ్మలో పిల్ల వెనక్కి తిరగలేదు.