పరుపుల కొట్టు బోణీ

ఉమ్ రాతిబ్ తన బాల్కనీలోంచి చెప్పిందట: సబ్బుల కొట్టు లమీస్‌కీ, ఎదురుగా ఉన్న పరుపుల కొట్టు హైసమ్‌కీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటోందని. ఆవిడ చెప్పింది కాఫీ కొట్టు అబూ షఫీక్‌కి. అబూ షఫీక్‌కి చెబితే ట్రిపోలీలో ఆ సందుకంతా చెప్పినట్టే.

సందు కూడా ఏపాటిదని. సగం కొట్లకు తాళాలు తుప్పుపట్టాయి, వీధిదీపం వెలిగితే అక్కడ పండగ. అలాంటి చోటికి, మాల్‌లో ఉద్యోగం వదులుకుని మరీ వచ్చి, తాతగారు మూసేసిన సబ్బుల కొట్టు తెరిచింది లమీస్. పిల్లకు మతి చెడిందన్నారు అందరూ. ఎదురుగా పరుపు కుడుతున్న హైసమ్ మాత్రం ఆమెనే చూస్తుండిపోయాడు. సూది వేలికి గుచ్చుకుంది.

అతని కొట్టు సంగతీ అంతంతమాత్రమే. ఈ చలికాలం నడవకపోతే మూసేసి బేరూత్‌లో మామ ఫ్యాక్టరీలో చేరతానని తల్లికి మాటిచ్చాడు.

ఆ బజారుకో రివాజు ఉంది. పొద్దున్నే ప్రతి కొట్టు ముందూ ఒక చిన్న కుర్చీ వేస్తారు. బోణీ అయ్యాక లోపలికి తీసేస్తారు. అలా తీసినవాడు తర్వాత వచ్చిన బేరాన్ని, ఇంకా కుర్చీ బయటున్న కొట్టుకి పంపాలి. ఏ సరుకైనా సరే.

ఒకరోజు లమీస్ విసవిసా సందు దాటి వచ్చింది.

"ఏమండీ షావుకారు గారూ, జనానికి స్నానాలు చేయించే పని మీకెవరు అప్పగించారు?"

"నేనెవరికి చేయించానండీ?"

"ఇప్పుడే ఒకావిడ నన్ను కడిగి పారేసింది. కూతురి పెళ్ళికి పరుపు అడిగితే, ముందు సబ్బు కొనుక్కోమన్నారట. ఆవిడేమనుకోవాలి?"

"మీ కుర్చీ బయటుంది కదా, అందుకని..."

"మరి మీది?"

"నాది పొద్దున్నే లోపలికెళ్ళిపోయింది. విపరీతమైన గిరాకీ." చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒక దిండుని కౌగిలించుకున్నాడు.

"అబ్బో" అని వెళ్ళిపోయింది. గుమ్మం దగ్గర మాత్రం ఒకసారి వెనక్కి చూసింది. ఆ చూపు పుణ్యమా అని అతను కుట్టిన దిండునే మళ్ళీ కుట్టాడు.

సబ్బుల కొట్టు పుంజుకుంది. బోణీ కాగానే లమీస్ తన బేరాలను మసాలాల కొట్టుకి, చెప్పుల కొట్టుకి పంపేది. తుప్పు తాళాలు ఒకటొకటే ఊడాయి. హైసమ్ దగ్గరికి మాత్రం ఎవర్నీ పంపలేదు. అతని కుర్చీ ఎప్పుడూ లోపలే గదా.

ఒక వానరోజు లమీస్ కాఫీకి వెళితే అబూ షఫీక్ అన్నాడు:

"కాఫీ తర్వాత తాగుదువుగాని. ముందు ఆ పరుపులవాడికి వీడ్కోలు చెప్పిరా. శుక్రవారం కొట్టు మూసేస్తున్నాడు."

"అంత గిరాకీ పెట్టుకునా, మామా?"

"ఏం గిరాకీ? రోజూ కొట్టు తాళం తీసిన దగ్గర్నుంచీ వాడి కుర్చీ లోపలే. ఎందుకో నన్నడక్కు, అద్దాన్నడుగు."

లమీస్ వానలోకి దిగింది. గొడుగు అబూ షఫీక్ దగ్గరే ఉండిపోయింది.

"ఇవాళ ఏం అమ్మావ్?"

"చాలా."

"ఎవరికి?"

హైసమ్ పైకప్పు వైపు చూశాడు. అది కారుతోందే గాని సాయం చేయలేదు.

"బోణీ కాకుండా కుర్చీ తీసేయడమేంటి? బజారంతటికీ అబద్ధం చెప్పినట్టు కాదూ?"

"బోణీ కానివాడు బేరాన్ని పక్కకి పంపకూడదు. కుర్చీ బయటుంటే నీ దగ్గరికి ఎలా పంపను?" అన్నాడు నేల చూస్తూ. "నువ్వు మూసేసి మళ్ళీ మాల్‌కి పోతే, ఎదురుగా ఆ తాళాన్ని చూస్తూ నేనెలా కుట్టను?"

"నువ్వు బేరూత్ పోతే నేను మాత్రం నీ తాళాన్ని చూస్తూ సబ్బులు కోయాలా?"

హైసమ్ నోరు తెరిచాడు. మాట రావలసిన చోట తుమ్ము వచ్చింది. దూది కొట్టు మరి.

లమీస్ ఆ కుర్చీని బరబరా ఈడ్చుకెళ్ళి, వానలోనే గుమ్మం ముందు వేసుకుని కూర్చుంది.

"ఇదిగో బోణీ. పెళ్ళి పరుపు ఒకటి కావాలి."

"పెళ్ళికూతురెవరు?"

"తడుస్తూ కూర్చుంది, కనబడట్లేదా?"

"మరి... పెళ్ళికొడుకు?"

"తెలివి కాస్త తక్కువ. పరుపులు బాగా కుడతాడు."

అతను ఆమె మీద పట్టబోయిన పరుపుగుడ్డ తనమీదే పడింది. అబూ షఫీక్ ఈల వేశాడు. ఉమ్ రాతిబ్ బాల్కనీలోంచి బియ్యం చల్లింది. కొట్లలోంచి అందరూ తలలు బయటపెట్టి, చల్లగా ఉండండర్రా అన్నారు.

"మాకు మొదట్నుంచీ తెలుసమ్మా" అంది ఉమ్ రాతిబ్. "హైసమ్ మా చేతుల్లో పెరిగిన పిల్లాడు. వాణ్ణి బేరూత్ పోనిస్తామా?"

లమీస్ తలెత్తి, మొహం మీది వాన తుడుచుకుంది.

"పోనిచ్చేవాళ్ళే, పిన్నీ. మొన్న మీ ఇంటికొచ్చిన కొత్త పరుపు మాల్‌లో కొన్నదే."