నలభై ఒకటో చెట్టు

మా ఇంటి వెనక గదే నా ఆఫీసు. అడవిలో చెట్లకు కట్టిన రికార్డర్ల చప్పుళ్లు విని, ఏ పిట్ట ఉందో ఏది లేదో రాయడం నా పని. చెట్లెక్కి వాటిని కట్టేవాడు మా అన్నయ్య. రికార్డింగ్ మొదలై ఎర్రలైటు వెలగగానే చెట్టు నంబరు చెప్పి, "విను చెవులపిల్లీ" అనేవాడు. ప్రతి రికార్డూ ఆ మాటతోనే మొదలయ్యేది.

నలభై ఒకటో చెట్టు తొర్రలో పెద్దముక్కు పిట్ట గూడుందేమో తేల్చమన్నారు అటవీశాఖవాళ్లు. ఆడపిట్ట తొర్రలో కూర్చుని, వాకిలి మట్టితో మూసేసుకుంటుంది. సన్నని సందులోంచి మగపిట్టే పండ్లు అందించాలి. అది వచ్చేది రోజుకు నాలుగైదు సార్లే కాబట్టి పన్నెండు గంటలూ వినాలి. నేను గంటకు పది నిమిషాలు విని, "లేదు" అని రాసి పడేశాను. నా చెవుల మీద నాకంత పొగరు.

గూడు లేదంటే అక్కడ నరకొచ్చు. నరికే రోజు రికార్డర్ విప్పుకొద్దామని అన్నయ్య ఆ చెట్టెక్కాడు. అతను పైనున్నాడని తెలియక పక్క చెట్టు కోశారు. అది పడుతూ, అల్లుకున్న తీగలతో అన్నయ్య ఎక్కిన చెట్టునీ లాగేసింది. విరిగిన తొర్రలో తల్లిపిట్ట, రెండు పిల్లలు. అన్నయ్యతో పాటే పోయాయి. వదినకి ప్రమాదమని మాత్రం చెప్పాను. అసలు సంగతి గొంతు దాటలేదు.

మూడు నెలల తర్వాత, ఇవాళ మధ్యాహ్నం, దుంగల కింద దొరికిందని అడవి కాపలాదారు ఆ రికార్డర్ తెచ్చిచ్చాడు. బ్యాటరీలు లేవు. కార్డు తీసి కంప్యూటర్‌లో పెట్టాను. ఒకే రికార్డు ఉంది. తేదీ... ఇవాళ్టిది.

బయట ముసురు. గదిలో పచ్చి కర్ర వాసన. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను.

వాన... రెక్కల చప్పుడు... లోపలి నుంచి మట్టిని గీకుతున్న ముక్కు. తర్వాత గుసగుసగా అన్నయ్య.

"నలభై ఒకటి. విను చెవులపిల్లీ. ఈసారి చివరిదాకా విను."

హెడ్‌ఫోన్లు తీసేయబోయాను. అయినా విన్నాను. రికార్డులో వాన ఆగింది. కుర్చీ కిర్రుమంది... నా కుర్చీయే. ఆపైన ఏడుస్తూ నా గొంతు.

"వదినా, నేను వినకుండానే రాశాను."

ఆ మాట నేనింకా ఎవరితోనూ అనలేదు.

హెడ్‌ఫోన్లు లాగేశాను. తలుపు అవతల వదిన.

"లోపల ఎవరమ్మా? మీ అన్నయ్య గొంతులా ఉంది."

బయట వాన ఆగింది. లేచాను. కుర్చీ కిర్రుమంది. తలుపు తీసి, "వదినా..." అన్నాను.

టేబుల్ మీద, బ్యాటరీలు లేని రికార్డర్‌లో ఎర్రలైటు వెలిగింది.