తెర మీద మిగిలిన పేరు

భవానీపురంలో ఆ ఇంటికి తెల్లవారడమంటే ముందు తెరేసమ్మకి తెల్లవారడమే. జపమాల ముగించుకుని, మోకాళ్ళు పట్టుకుని లేచి, ఆమె నేరుగా ముందుగదిలోకి వచ్చి కంప్యూటర్ ఆన్ చేస్తుంది. పాలు పొయ్యి మీద పెట్టడం ఆ తర్వాతే.

ఆ కంప్యూటర్‌తో ఒక తంటా ఉంది. ఆన్ చేయగానే అది బుద్ధిగా పని మొదలుపెట్టదు. తెర మీద రెండు పేర్లు చూపించి, ఏది కావాలో చెప్పమంటుంది. పైన 'శాలిని', కింద 'కొత్తది'. ఎవరూ ఏమీ చెప్పకపోతే కాసేపు ఎదురుచూసి, తనంతట తానే పైదానిలోకి వెళుతుంది. పైనున్నదేమో ఎప్పుడో తీసేసిన పాత విండోస్. పేరు మాత్రం మిగిలింది గానీ లోపల ఏమీ లేదు. అందులోకి వెళ్ళాక, ఫైలు దొరకలేదని ఇంగ్లీషులో ఏదో రాసి మొరాయిస్తుంది. అందుకని ఎవరో ఒకరు దగ్గర నిలబడి, కింది బాణం మీట నొక్కి, ఎంటర్ కొట్టాలి. ఆ ఎవరో తెరేసమ్మ.

శాలిని ఆమె ఒక్కగానొక్క కూతురు. జబ్బు చేసి పోయింది. జబ్బులో చూసుకోవడానికి చల్లపల్లిలో ఉంటున్న ఇల్లు ఖాళీ చేసి వచ్చిన తెరేసమ్మ, కూతురు పోయాక వెళ్ళిపోతానంటే అల్లుడు జయపాల్ వెళ్ళనివ్వలేదు. కొన్నాళ్ళకి పెద్దలు నచ్చజెప్పి అతనికి దీవెన అనే అమ్మాయితో పెళ్ళి చేశారు. ఆ రోజు చర్చిలో దీవెన తలమీద ముసుగు సర్దింది కూడా తెరేసమ్మే.

"కూతురు లేని ఇంట్లో ఇంకా ఎన్నాళ్ళుంటావే అక్కా, వచ్చెయ్యి," అని చల్లపల్లి నుంచి చెల్లెలు శౌరమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ఆమె దగ్గర ఒకటే జవాబు.

"పొద్దున్నే ఆ కంప్యూటర్ నేను తెరిచిపెట్టకపోతే ఆ పిల్ల ఉద్యోగం నడవదే."

దీవెన ఒక ఇన్సూరెన్సు కంపెనీకి ఇంట్లోనే కూర్చుని పనిచేస్తుంది. ఎనిమిదింటికల్లా లాగిన్ అవ్వాలి. ఆ శుక్రవారం కూడా జుట్టు ముడేసుకుంటూ వచ్చేసరికి తెరేసమ్మ బల్ల అంచు పట్టుకుని నిలబడి ఉంది.

"మీరెందుకండీ లేవడం. నేను చేసుకుంటానుగా," అంది దీవెన.

"అది తెరుచుకునేసరికి నీకు లేటవుద్ది అమ్మాయ్. నాకు మాత్రం వేరే పనేముంది."

కూర్చోబోతూ ఆమె "దేవా" అని మూలగడం దీవెన చెవిన పడింది. వంటింట్లోకి వెళ్ళి ఉప్మాకి ఉల్లిపాయలు తరుగుతూ, పళ్ళు తోముకుంటున్న భర్తని పట్టుకుంది. జయపాల్ ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాడు. ఎక్కడో గన్నవరంలో ఎవరి కంప్యూటర్ మొరాయించినా బండేసుకుని వెళతాడు. ఇంట్లోదాని సంగతి ఎత్తితే మాత్రం ఎక్కడలేని నీరసం వస్తుంది.

"ఏవండీ, ఆ పాత పేరు తీసెయ్యరాదూ? ఆవిడ ఆ మోకాళ్ళతో రోజూ దాని ముందు నిలబడుతున్నారు."

"చూద్దాంలే."

"ఎన్నిసార్లు చూద్దాం?"

"పోనీ నువ్వే తీసెయ్. సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లో బూట్ అని ఉంటుంది. ముందు కొత్తదాన్ని డిఫాల్ట్ చెయ్యి. తర్వాత పైదాన్ని సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టు. అంతే," అన్నాడు బ్రష్ తీయకుండానే.

మధ్యాహ్నం విరామంలో దీవెన అదంతా తెరిచింది. రెండే వరసలు. 'శాలిని' మీద నొక్కితే ఆ వరస నీలంగా మారింది. డిలీట్ కొట్టడానికి ఆమె చాలాసేపు తటపటాయించింది. చివరికి కొట్టింది. నిజంగా తీసెయ్యనా అని అదేమీ అడగలేదు, పేరు పోయింది. గుండెల మీదనుంచి ఏదో దిగినట్టయింది. దిగినందుకు వెంటనే సిగ్గేసింది. రేపటినుంచి ఆవిడ కాసేపు హాయిగా పడుకుంటారులే అని సర్దిచెప్పుకుని, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు పొద్దున్న తెరేసమ్మ కంప్యూటర్ ఆన్ చేసి, వేలు బాణం మీట మీద పెట్టుకుని నిలబడింది. పేర్లు రాలేదు. నేరుగా కొండలూ చెరువూ ఉన్న బొమ్మ వచ్చేసింది. తానే పరధ్యానంలో చూడలేదేమోనని ఆపి, మళ్ళీ ఆన్ చేసింది. మళ్ళీ ఆ కొండలే. ఆమె కుర్చీలో కూర్చుండిపోయింది. పాల ప్యాకెట్టు గుమ్మం దగ్గరే ఉండిపోయింది.

దీవెన లేచి వచ్చేసరికి వంటింట్లో దీపం లేదు. వెనకగదిలో తెరేసమ్మ చీరలు మడిచి సంచిలో పెడుతోంది.

"ఎక్కడికండీ?"

"చల్లపల్లి. శౌరమ్మ ఎప్పట్నుంచో రమ్మంటావుంది."

"ఉన్నట్టుండి ఏమైందండీ?"

"ఏం కాలేదమ్మాయ్. ఎండ ముదరకముందే బస్సెక్కుతాను."

అప్పుడే స్నానం చేసి భుజాన తువ్వాలుతో వచ్చిన జయపాల్ ఆ సంచి చూశాడు. మగాళ్ళకి ఇలాంటప్పుడు తొందర ఎక్కువ.

"ఏమన్నావు ఆవిణ్ణి?" అన్నాడు భార్యతో.

"నేనేమీ అనలేదు."

"అనకుండానే ఆవిడ సంచి సర్దుకుంటారా?"

"ఆ పిల్లనేమీ అనకు బాబూ," అంది తెరేసమ్మ. "కంప్యూటర్ బాగుపడింది, చూశాను. మంచిదేగా. ఇంక నాతో పనేముంది."

ఆమె గొంతులో కోపం లేదు. కోపమున్నా బాగుండేది. జయపాల్‌కి విషయం అర్థమైంది. దీవెన వైపు తిరిగాడు.

"తీసేశావా? ఒక్క మాటైనా చెప్పకుండా?"

"మీరే కదా తీసెయ్యమన్నారు."

"ఏదో అన్నాను. అంటే తీసేస్తావా? ఆ పేరంటే ఆవిడకి ఏమిటో తెలీదూ?"

దీవెన గొంతు పెంచే మనిషి కాదు. ఆ రోజు కూడా పెంచలేదు.

"తెలుసండీ. ఆ తెర ముందు రోజంతా కూర్చునేది నేనే. మీకూ తెలుసు. తెలిసే చూద్దాం చూద్దాం అంటూ ఇన్నాళ్ళు నెట్టారు. మీ చేత్తో తీయలేక నా చేత తీయించారు. ఇప్పుడు తప్పు నాది."

జయపాల్ మంచం మీద కూలబడ్డాడు. "తన ఫోటోలన్నీ వేరే డిస్కులో దాచి, పాతది నేనే చెరిపేశాను," అన్నాడు. "పేరు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి రాలేదు. అత్తయ్యా, మీరు వెళ్ళకండి. ఆ పేరు ఇప్పుడే మళ్ళీ పెట్టేస్తాను."

"వద్దు బాబూ. లోపల ఏమీ లేనిదానికి పేరెందుకు?" తెరేసమ్మ సంచి జిప్పు వేయబోయింది, అది కదల్లేదు. "నేను పోతోంది పేరు కోసం కాదు. పొద్దున్నే ఈ ఇంటికి ఒక పని చేశాననిపించేది. అది చేసి కాఫీ తాగితే, దీవెన ఇంట్లో ఊరికే కూర్చుని తాగినట్టు ఉండేది కాదు."

"ఎవరింట్లోనండీ?" అంది దీవెన.

"నీ ఇంట్లోనే కదమ్మా."

దీవెన గోడకి ఆనుకుని కింద కూర్చుంది. ఆమె కళ్ళు నిండిపోయాయి.

"నా ఇల్లని నాకెవరూ చెప్పలేదండీ. పోపుల డబ్బా జరపాలన్నా మిమ్మల్ని అడిగే జరిపాను. ఆ కిటికీ కర్టెన్లు నాకు నచ్చవు, అయినా ముట్టుకోలేదు. ఇది శాలినిగారి ఇల్లు, మీ ఇల్లు. మీరు ఉండనిస్తే నేనుంటున్నాను అనుకున్నాను ఇన్నాళ్ళూ."

తెరేసమ్మ చేతిలో జిప్పు అలాగే ఉండిపోయింది. "ఆ కర్టెన్లు నీకు నచ్చాయి కాబోలనుకున్నాను. మార్చమనడానికి నేనెవర్నిలే అని ఊరుకున్నా."

"అబద్ధమెందుకు చెప్పాలి," అంది దీవెన. "ఆ పేరు మీ మోకాళ్ళ కోసమే తీశాననుకున్నాను, నా కోసం కూడా తీశాను. లేవగానే ఆ పేరు కనబడకపోతే ఆ రోజు కాస్త తేలిగ్గా ఉంటుందని. నన్ను క్షమించండి."

తెరేసమ్మ మంచం పట్టె పట్టుకుని, ఆ మోకాళ్ళతోనే మెల్లగా దీవెన పక్కన నేల మీద కూర్చుంది.

"నాకు మాత్రం తేలికనుకున్నావా? రోజూ నా బిడ్డ పేరు చూడాలి. రోజూ దాన్ని దాటుకుని కిందికి నొక్కాలి. నొక్కకపోతే నీ పని ఆగిపోద్ది. అలిసిపోయానే దీవెనా. ఎవరితో చెప్పుకోను?"

దీవెన ఆమె భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. సమాధుల దొడ్డిలో కూడా కన్నీళ్ళు బిగబట్టుకుని నిలబడ్డ తెరేసమ్మ ఇప్పుడు ఆపుకోలేదు. ముందుగదిలో కంపెనీ నుంచి ఫోన్ మోగి మోగి ఆగింది.

ఏం చేయాలో తెలియక జయపాల్ లేచి నిలబడ్డాడు. "రేపు ఆదివారం కదా, ఇప్పుడే వెళ్ళి చేపల కొట్లో బొమ్మిడాయిలు చెప్పి వస్తాను. పులుసు పెట్టుకుందాం," అన్నాడు, ఇల్లు మళ్ళీ మామూలుగా కావాలన్న ఆత్రంతో.

దీవెన మొహం అదోలా అయింది. తెరేసమ్మ అది చూసింది.

"ఏమే, ఏమైంది?"

"ఏం లేదండీ."

"చెప్పమన్నానా."

"నాకు బొమ్మిడాయిలు గిట్టవండీ. చిన్నప్పట్నుంచీ."

"మరి ప్రతి ఆదివారం తింటావుగా?"

"మీకిష్టమని. ఓపిక లేకపోయినా కూర్చుని కడిగి వండుతారు కదా అని."

"నాకెక్కడి ఇష్టం. ఆ ముళ్ళూ, ఆ జిగురూ. శాలిని ఇష్టంగా తినేదని వండేదాన్ని. నువ్వూ మారు మాట్లాడకుండా తింటున్నావని..." తెరేసమ్మ మాట ఆగిపోయింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నవ్వొచ్చింది, నవ్వులోనే మళ్ళీ ఏడుపొచ్చింది.

తెరేసమ్మ కొంగుతో ముందు దీవెన కళ్ళు తుడిచి, తర్వాత తన కళ్ళు తుడుచుకుంది.

"ఇన్నాళ్ళూ ఒక్క కంచంలో తిన్నట్టు తిన్నాం, నీకేది ఇష్టమో ఒక్కరోజూ అడగలేదు. చెప్పు తల్లీ, ఏం వండమంటావు?"

ఆ మాట అడిగించుకుని దీవెనకి చాలా కాలమైంది.

"వంకాయ," అంది వెక్కుతూ. "కొత్తిమీర కారం పెట్టి."

జయపాల్ సంచిలోని చీరలు మంచం మీద కుమ్మరించి, ఆ సంచే పట్టుకుని వంకాయలకి బయలుదేరాడు.