చేప తాజాదే

ఏడో ప్లేటు మీద కూడా ఎర్రలైటు వెలిగింది. బెల్టు ఒక్క క్షణం ఆగి, ప్లేటును తిన్నగా చెత్తడబ్బా వైపు తిప్పేసింది. కౌంటరు ముందు కూర్చున్న నలుగురూ తినడం మానేసి దాన్నే చూశారు.

"పొద్దున్న హార్బర్‌లో నా కళ్ళముందు దించిన సూర చేప అది," అన్నాడు కౌంటరు వెనక చేప కోస్తున్న నూకరాజు, ఎవరూ అడక్కుండానే.

విశాఖపట్నం సిరిపురంలో, బట్టల షోరూముల వరసలో, రెండో అంతస్తులో ఉంది ఆ జపనీస్ హోటలు. చిన్న అన్నం ముద్ద మీద పచ్చి చేప ముక్క పెట్టి ఇచ్చే సుషీ అక్కడి ప్రత్యేకం. పచ్చి చేపంటే జనానికి ఇంకా బెదురు పోలేదు. అది పోగొట్టడానికే ఓనరు శేషుబాబు మూడు రోజుల కిందట 'ఘ్రాణి'ని పెట్టించాడు.

ఘ్రాణి అంటే కృత్రిమ ముక్కు. చూడ్డానికి అగ్గిపెట్టెంత. ప్రతి కౌంటరు మీదా బెల్టు పక్కన ఒకటి బిగించారు. లోపల పన్నెండు వందల సెన్సర్లు. చేప పాడవడం మొదలెడితే ట్రైమిథైలమీన్ అనే వాయువు పుడుతుంది. నీచు కంపు దానిదే. మన ముక్కుకు తెలియడానికి ఎన్నో గంటల ముందే ఘ్రాణి దాన్ని పసిగడుతుంది. పచ్చలైటు వస్తే ప్లేటు మనిషి ముందుకి, ఎర్రలైటు వస్తే వెనక చెత్తడబ్బాలోకి.

"పక్క కౌంటర్లో కోసేదీ అదే చేప," అన్నాడు శేషుబాబు గొంతు తగ్గించి. "అక్కడ ఒక్క ఎరుపూ లేదు. చేతులు సరిగ్గా కడుగుతున్నావా?"

నూకరాజు చెవులు వేడెక్కాయి. పడవ మీదే పుట్టి పెరిగినంత అనుభవం అతనిది. వాళ్ళ నాన్న సముద్రం మీదకి చేపల వేటకెళ్ళేవాడు. తను చెన్నైలో ఆరేళ్ళు కత్తి పట్టడం నేర్చుకుని వచ్చాడు. పాడైన చేప పెట్టాడన్న మాట ఇంతవరకూ పడలేదు. వెళ్ళి మోచేతుల దాకా సబ్బు రాసుకుని వచ్చాడు. గ్లౌజులు మార్చాడు. కత్తి మార్చాడు. ఎనిమిదో ప్లేటూ ఎరుపే.

ఓనరు ఫోను చేస్తే, ఘ్రాణిని తయారు చేసిన డాక్టర్ హైమవతి ల్యాబ్ నుంచి వచ్చేసరికి నూకరాజు కౌంటరు వెనక ఆ చివర నుంచి ఈ చివరకి తిరుగుతున్నాడు.

"నూకరాజు గారూ, ఒక ముక్క కోసి అక్కడ పెట్టి, మీరు దూరంగా జరగండి," అంది ఆవిడ.

పచ్చలైటు.

"ఇప్పుడు దగ్గరికొచ్చి, ఎప్పట్లాగే వంగి సర్దండి."

ఎర్రలైటు.

ఆవిడ ముక్క తీసేసి ఖాళీ ప్లేటు పెట్టింది. "మళ్ళీ వంగండి."

ఎర్రలైటే.

"ఇదేటి మేడమ్, ప్లేట్లో ఏటీ లేదు కదా!"

"మీదే ఊరు?"

"కవిటి దగ్గరండి. ఉద్దానం."

ఆ మాట తన నోట్లోంచి వచ్చాక గానీ ఆవిడ ఎందుకడిగిందో అతనికి తెలియలేదు. కిడ్నీ జబ్బు ఇల్లిల్లూ తిరిగిన ప్రాంతం అది. పెదనాన్న అలాగే పోయాడు. అక్కకి వారానికి రెండుసార్లు డయాలసిస్. ఆరేళ్ళుగా తను పరీక్ష తప్పించుకు తిరుగుతున్నాడు.

"కిడ్నీలు సరిగ్గా వడకట్టకపోతే అదే వాయువు ఊపిరిలోకీ వస్తుంది," అంది హైమవతి నెమ్మదిగా. "చేపకీ మనిషికీ తేడా దీనికి తెలీదు. నేను నేర్పలేదు. ఇది అనుమానమే, పరీక్ష కాదు. రక్తం ఇచ్చి చూపించుకోండి."

నూకరాజు కత్తి కింద పెట్టాడు. "అంటే, చేప తాజాదే కదండీ?"

"తాజాదే."

"ఆ మాట ఓనరు గారికి చెప్పండి."

నాలుగు రోజులు అతనికి ఇంట్లో కాలు నిలవలేదు. ఐదోరోజు వెళ్ళి రక్తం ఇచ్చాడు. జబ్బు ఉంది, కానీ మొదట్లోనే దొరికింది. మందులూ పథ్యమూ రాసి, పని చేసుకోవచ్చన్నారు. మూతికి మాస్కు కట్టుకుని కౌంటరు వెనక నిలబడ్డాడు. ప్లేట్లన్నీ పచ్చగా వెళ్ళాయి.

కథ అక్కడితో ఆగలేదు. సంగతి పాకింది. హోటల్‌కి వచ్చేవాళ్ళు ఊపిరి బిగబట్టి తినడం మొదలెట్టారు. కొందరు మొహం పక్కకి తిప్పుకుని నమిలేవారు. శేషుబాబు ఆ పెట్టె పీకించేద్దామనుకునేలోపే ఉద్దానం నుంచి రైలెక్కి జనం రాసాగారు. ఊళ్ళో పరీక్షకి పిలిస్తే తలుపులేసుకున్నవాళ్ళే వచ్చి కౌంటరు ముందు కూర్చుని, ప్లేటు మీదకి వంగి గట్టిగా ఊదేవారు. పచ్చలైటు వస్తే నవ్వుకుంటూ, తినకుండానే లేచిపోయేవారు. ఎర్రలైటు వస్తే, "చేప పాడైపోయింది, ఇంకోటి తే" అనేవారు.

ఒక మధ్యాహ్నం నూకరాజు మేనబావ లోకనాథం వచ్చాడు. జీడితోటల్లో పనిచేసే మనిషి. పచ్చి చేప తనవల్ల కాదంటే నూకరాజు కీరదోస ముక్క పెట్టి చుట్టిన అన్నం ఇచ్చాడు. లోకనాథం వంగి ఊదాడు. ఎర్రలైటు వెలిగింది.

"చేప పాడైపోనాదిరా. ఇంకోటి తే."

"బావా, ఇందులో చేప లేదు. దోసకాయే."

లోకనాథం ప్లేటుని ఎత్తి అటూ ఇటూ తిప్పి చూశాడు. మెడ మీద చెమట తుడుచుకున్నాడు.

"అయితే దోసకాయే పాడైపోనాది. ఇంకోటి తే."

నూకరాజు ఇంకోటి చుట్టాడు. దాని మీదా ఎరుపే. మూడోది కూడా వెనక్కి వెళ్ళిపోయాక లోకనాథం కుర్చీ గట్టిగా వెనక్కి తోసి లేచాడు.

"దోసకాయ కూడా తాజాది తేలేరు, ఇదేం హోటల్రా!" అని చుట్టూ ఉన్న అందరికీ వినబడేలా అరిచి, గబగబా మెట్లు దిగిపోయాడు.

నూకరాజు ఏప్రన్ విప్పి కౌంటరు మీద పడేసి, బట్టల షాపుల మధ్య జనాన్ని తోసుకుంటూ, "బావా, ఆగు!" అని అతని వెనకే పరుగెత్తాడు.