గంతలు విప్పే రోజు

"గాస్పార్, ముఠాకి తలుపు తీసింది మీ అక్కే కావచ్చు."

కల్నల్ హుర్లిమన్ ఆ మాట అన్నది జెనీవా ట్రామ్‌లో, పేపరు మడుస్తూ. ఏజెంట్ గాస్పార్ జాకే కిటికీ వైపు చూస్తూనే ఉన్నాడు కానీ దిగాల్సిన స్టాపు దాటిపోయిన సంగతి గమనించలేదు. తల్లి పోయాక తనను పెంచింది ఆ అక్కే మరి.

కల్నల్ విషయం క్లుప్తంగా చెప్పాడు. అక్క ఒడిల్ పనిచేసే ప్రయోగశాలలో, భూమి కింద కొలైడర్‌లో ప్రోటాన్లను ఢీకొట్టించి, హిగ్స్ కణానికి టాప్ క్వార్క్ మీద పట్టు ఎంతో కొలుస్తున్నారు. పదార్థంలోని క్వార్కులనే మూలకణాలన్నిటిలోకీ టాప్ బరువైనది. పట్టు విలువ ఒకటి వస్తే పాత సిద్ధాంతమే ఖాయం. ఒకటి కాకపోతే శాస్త్రానికి కొత్త దారి దొరికినట్టే. కొలైడర్లకు వాడే అయస్కాంతాలు అమ్ముకునే ఒక విదేశీ ముఠా ఆ కొలతల ఫైల్లో నకిలీ డేటా కలిపింది. కొత్త దారి అనగానే ప్రభుత్వాలు ఇంకా పెద్ద కొలైడర్‌కి ఎగబడతాయి, అయస్కాంతాలు వీళ్ళ దగ్గరే కొంటాయి. ఆ డేటా లోపలికి వెళ్ళింది ఒడిల్ పాస్‌వర్డ్‌తో.

"జవాబు ఎప్పుడు తెరుస్తున్నారు?"

"ఇవాళే, మధ్యాహ్నం. ముందే గోల చేస్తే దొంగ ఆనవాళ్ళు చెరిపేస్తాడు. వాడు గదిలో ఉండగానే పట్టుకోవాలి."

ఒడిల్ బృందానికి ఒక ఆచారం ఉంది. కొలిచే పద్ధతి పూర్తిగా ఖరారయ్యేదాకా జవాబును తమకు తామే దాచుకుంటారు. ముందే చూస్తే ఆశ చెయ్యి పట్టుకుని లెక్కను పక్కకు లాగుతుందని వాళ్ళ భయం. దాన్ని కళ్ళకు గంతలు కట్టుకోవడం అంటారు. అక్క మూడేళ్ళుగా ఆ గంతలతోనే బతుకుతోంది. నకిలీ అంకె బయటికి పోయి తర్వాత పట్టుబడితే ఇక ఆమె పేరు ఎవరూ నమ్మరు. ఒకవేళ దొంగ ఆమే అయితే? గాస్పార్ ఆ ఆలోచనను తోసేశాడు. అది మళ్ళీ వచ్చింది.

సరస్సు ఒడ్డు కేఫ్‌లో ఆకుపచ్చ పట్టు స్కార్ఫ్ కట్టుకుని రెనాటా కూర్చుని ఉంది. ముఠా మనిషే కానీ, బెర్న్‌లోని స్విస్ గూఢచారి శాఖకీ సమాచారం అమ్ముతుంది. పక్క బల్లల వాళ్ళు ఆమెనే చూస్తున్నారు.

"ఇవాళ పెర్చ్ చేప ఉందా?" అన్నాడు గాస్పార్.

"ఉంది, ముళ్ళు మీరే తీసుకోవాలి."

కోడ్ కలిసింది. ఆమెకు పాస్‌పోర్ట్ కావాలి, అతనికి పేరు కావాలి.

"క్విస్ట్. మీ అక్క పక్క కుర్చీ. ఆవిడ కాఫీకి లేచినప్పుడల్లా ఆవిడ కంప్యూటర్ వాడాడు."

గాస్పార్‌కి ప్రాణం లేచివచ్చింది. అక్కను అనుమానించినందుకు సిగ్గేసింది కూడా. ఈలోగా రెనాటా ఆగకుండా అనేసింది: "అసలు జవాబు కూడా దొంగచాటుగా చూసేశాడు. ఒకటి. అచ్చంగా ఒకటే. దాన్ని మేం ఒకటిన్నర చేశాం."

ఆ అంకె వినకుండా ఉంటే బాగుండేది. ఎందుకంటే కొత్త దారి దొరకాలన్న అక్క ఆశ అతనికి తెలుసు.

కాఫీ మిషన్ బాగుచేసేవాడి నీలం కోటు వేసుకుని అతను ప్రయోగశాల సమావేశపు గదిలోకి వెళ్ళేసరికి అందరూ తెర వైపే చూస్తున్నారు. ఒడిల్ వేలు మీట మీద ఉంది. క్విస్ట్ ముందు వరుసలో తీరిగ్గా కూర్చున్నాడు. గాస్పార్ కాఫీ మిషన్ వెనక చిన్న పెట్టె తగిలించి బొత్తాం నొక్కాడు. ఫ్యూజులన్నీ ఎగిరిపోయాయి. తెర చీకటైంది. ఒడిల్ మీట నొక్కింది; ఏమీ జరగలేదు. గాస్పార్ కబురుతో వచ్చి గుమ్మంలో కాచుకున్న పోలీసులు క్విస్ట్ భుజం తట్టారు.

వరండాలో అక్క అతన్ని గుర్తుపట్టింది.

"కస్టమ్స్‌లో గుమాస్తావి కదరా నువ్వు. ఈ వేషమేంటి?"

చెప్పాడు, తన అసలు ఉద్యోగంతో సహా. నకిలీ డేటా సంగతి విని ఆమె గోడకు ఆనుకుంది. ముఠా సంగతి నీకెలా తెలిసిందని అడిగింది. వాళ్ళు తనతో అసలు అంకె కూడా అనేశారని అతను అన్నాడో లేదో, ఆమె అరచేయి అతని నోటికి అడ్డం పడింది.

"చెప్పకు. మళ్ళీ మొదట్నుంచి చేస్తాం. అప్పటిదాకా నోరు తెరిచావో, నాకు తమ్ముడే లేడనుకుంటా."

ఆదివారం భోజనం మాత్రం మానడానికి వీల్లేదంది. అయితే అతని కుర్చీని గోడ వైపు తిప్పేసింది. నీ మొహంలో ఏదీ దాగదురా అంది. నెలల తరబడి గాస్పార్ గోడను చూస్తూ తిన్నాడు. వెనక నుంచి అక్క గొంతు వినబడేది. "ఒకటి రాకూడదురా. ఇన్నేళ్ళు తవ్వాం, ఏదో ఒకటి కొత్తది ఉండాలి." అతను బంగాళాదుంప నమిలేవాడు.

ఒక ఆదివారం ఆమె వచ్చి కుర్చీని తన వైపు తిప్పింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఒకటి," అంది. "అచ్చంగా ఒకటే."

గాస్పార్ నోరు వెళ్ళబెట్టాడు. కనుబొమలు పైకెత్తాడు. గుండె మీద చెయ్యి కూడా వేసుకున్నాడు.

ఒడిల్‌కి కన్నీళ్ళలోనే నవ్వొచ్చింది.

"ఈ నటనకి నీకు జీతమెవడిస్తున్నాడ్రా?"