పద్దెనిమిది నిమిషాల నిదానం

విన్సెంట్‌కు యాభై ఆరేళ్లు. గూఢచారికి మోకాళ్ల నొప్పి ఉండకూడదని ఏ రూల్ బుక్కులోనూ లేదు కాబట్టి డిపార్ట్‌మెంట్ ఇంకా పని చెబుతూనే ఉంది. ఆ ఉదయం చీఫ్ దయానందం అతన్ని మదనపల్లె టమాటా మార్కెట్ వెనక, విత్తనాల కొట్టు పైనున్న సీక్రెట్ ఆఫీసుకు పిలిచాడు.

రక్షణ శాఖ కాగితాలు విదేశాలకు అమ్ముకునే ముఠాకు జపాన్ నుంచి ఒక పాత వీడియో గేమ్ క్యాసెట్ వచ్చింది. దారిలో డిపార్ట్‌మెంట్ టెక్నీషియన్ భవ్య దాన్ని కాపీ చేసి వదిలేసింది. కంప్యూటర్‌లో, గేమ్ మెషీన్‌ను అనుకరించే ఎమ్యులేటర్ మీద ఆడిస్తే మొదటి స్టేజీకే హ్యాంగ్ అయింది. జపాన్ వెర్షన్‌లోని అదనపు చిప్ ఆ ఎమ్యులేటర్‌కు తెలియదట. కోడ్ చదివాక మాత్రం ఒకటి తేలింది. అసలు మెషీన్‌లో పెట్టి స్విచ్ వేస్తే, గంటన్నరకు తెర మీద ఒక పేరు పడుతుంది. ముఠాలో దూరిన మన ఏజెంట్ పేరు. ఆ పేరు అమ్మినవాడు తప్పించుకోవడానికే ఆ గంటన్నర.

ముఠాలో మన మనిషి ఒక్కతే, జెమీమా. ఒకప్పుడు మిషన్ ఆసుపత్రి నర్సు. ఇప్పుడు నల్ల కళ్లద్దాలు, పట్టుచీరలతో ముఠా నాయకుడు ప్రకాష్ బాబు పక్కన తిరిగే డబుల్ ఏజెంట్. ఆమెను ఈ పనిలోకి దింపింది విన్సెంటే. ఆ సంగతి చీఫ్ గుర్తు చేయలేదు, చేయాల్సిన అవసరమూ లేదు.

ముఠా గేమ్ మెషీన్ మొన్న పుంగనూరులో రిపేరుకు వెళ్లిందన్నది ఒక్కటే ఆచూకీ. పదకొండుంబావుకు విన్సెంట్ అక్కడ గంగులప్ప టీవీ షాపులో ఉండగా జెమీమా మెసేజ్ వచ్చింది. ఆదివారం పాడాల్సిన కీర్తన నంబర్ 1110, కుప్పం. అంత నంబర్ కీర్తన ఏ పుస్తకంలోనూ లేదు. కుప్పంలోని ముఠా ఫాంహౌస్‌లో పదకొండూ పదికి స్విచ్ వేశారని అర్థం. పన్నెండూ నలభైకి పేరు పడుతుంది, అప్పటిదాకా ముఠా ఎవరినీ బయటికి పోనివ్వదు. కుప్పం గంటన్నర దారి, ఇప్పుడు బయల్దేరినా అందదు. ముందే పోలీసులు గేటు దగ్గర కనబడితే అనుమానం వచ్చి ముఠా జెమీమాను బతకనివ్వదు. ఇంటికి కరెంటు తీయించాలని చీఫ్ ప్రయత్నిస్తే లైన్‌మన్ లీవులో ఉన్నాడన్నారు.

విన్సెంట్‌కు కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు. ఊరికే గంగులప్పను అడిగాడు, ఆ మెషీన్‌కు ఏం రిపేరు చేశావని.

"జపాను మిషనప్పా అది. మన పాత టీవీలో బొమ్మ నలుపూ తెలుపుగా వస్తాండె. ఎందుకు అట్ల సూడాలని మన టీవీల లెక్కకి మార్చినా. రంగులొచ్చినాయి. ఆట కొంచెం నిదానమైతాది, అంతే."

"ఎంత నిదానం?"

"సెకనుకి అరవై బొమ్మలు పడాల్సిన కాడ యాభై పడతాయి. ఆడేవానికి తెలీదులే."

గేమ్‌కు గోడ గడియారం తెలియదు. బొమ్మలు లెక్కపెట్టే అది కాలం కొలుస్తుంది. విన్సెంట్ వేళ్ల మీద లెక్కేశాడు. గంటన్నరకు పద్దెనిమిది నిమిషాలు ఎక్కువ. పన్నెండూ యాభై ఎనిమిది. ముప్పై ఏళ్ల సర్వీసులో ఏ గ్యాడ్జెట్టూ తనకు ఇంత సాయం చేయలేదు.

కారులోనే ఖాకీ చొక్కా మార్చుకుని లైన్‌మన్ అయ్యాడు. ఫాంహౌస్ పక్కన ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర దిగేసరికి పన్నెండూ యాభై నాలుగు. స్విచ్ హ్యాండిల్ తుప్పు పట్టి కదల్లేదు. రెండు చేతులతో వేలాడాడు. యాభై ఏడు దాటాక అది దిగింది.

లోపల తెర నల్లబడి మొదటి అక్షరం గీత మొదలవుతుండగా టీవీ ఆరిపోయిందని తర్వాత జెమీమా చెప్పింది. కుప్పంలో కరెంటు పోతే ఎవరూ అనుమానించరు. ప్రకాష్ బాబు తిట్టుకుంటూ స్వయంగా వచ్చి, లోపల ఫ్యూజు చూడాలన్న ఈ లైన్‌మన్‌కు గేటు తీశాడు. చీఫ్ పంపగా దూరాన కాచుకున్న పోలీసులు ఆ గేటులోంచే వచ్చారు.

జెమీమా మెట్ల మీద కూర్చుంది. నల్ల కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"నేను పోతే మా అమ్మకి ఎవరు సెప్తారా అని ఆలోచిస్తాంటినప్పా. ఇంకేమీ తోచలేదు."

"నిన్ను ఈడికి తెచ్చింది నేనే. సిగ్గుగా ఉండాది. ఇంక సాలు, ఇంటికి పోదాం పదమ్మా."

గేటు బయట పదిమంది రైతులు పోగై ఉన్నారు. చేలల్లో మోటార్లు ఆగిపోయాయట, లైన్‌మన్ ఎక్కడని అడుగుతున్నారు. ముఠాకు జంకని విన్సెంట్, జెమీమాను తీసుకుని వెనక గోడ వైపు నడిచాడు.