రెండో ఆకురాయి

పొద్దు వాలాక ఆ మొక్కల తోటలోని షెడ్డు వైపు ఎవరూ తలెత్తి చూసేవారు కాదు. షెడ్డనడమే గానీ గోడలు కనిపించవు. పసుపు పూల తీగ దాన్ని నిలువునా మింగేసింది. మొక్కలమ్మి బతికిన అత్త వేసిన తీగ అది. ఆ షెడ్డులోనే, ఆకురాయితో తీగ గింజల పెంకు గీస్తూ గీస్తూ, కుర్చీలో ఒరిగిపోయింది అత్త. అప్పటినుంచీ రాత్రయితే చాలు... గల్... గల్... అచ్చం ఆవిడ నడుముకు వేలాడిన తాళాల గుత్తి చప్పుడు!

విన్నది విన్నట్టే చెబుతున్నాను. నమ్మకపోతే మీ ధైర్యం మీది.

తోటను మేనకోడలి పేరున రాసిపోయింది అత్త. ఆ మేనకోడలి నోటికి జడిసి చుట్టాలంతా ఆమెను 'రంపం' అనేవారు. చప్పుడు మొదలయ్యాక పనివాళ్లు మానేశారు. కొనేవాళ్లు గేటు దాటడం లేదు. అత్త తమ్ముడు, పక్కింటి బాబాయి, తియ్యగా అందుకున్నాడు.

"ఒంటరి ఆడదానివి, ఎందుకమ్మా ఈ పీడ? నాకు రాసిచ్చెయ్."

"నిన్నేమీ చెయ్యదా బాబాయ్? దెయ్యానికి కూడా నువ్వంటే అంత భయమా?"

"వెటకారాలు కాదే. ఒక్క రాత్రి ఆ షెడ్డులో ఉండు. తెల్లారేదాకా ఉంటే మళ్లీ నోరెత్తను. లేచి పరిగెత్తావో... సంతకం పెట్టాలి."

"ఈ రాత్రే ఉంటా."

ఉంది. ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాదు — పళ్లెం నిండా తీగ గింజలు పెట్టుకుంది. రాళ్లలాంటి గింజలు. ఆకురాయితో పెంకు కాస్త గీసి, రాత్రంతా నీళ్లలో నానబెడితే తప్ప మొలకెత్తవు. "కన్ను దగ్గర గీస్తే మొలక చస్తుందే, వీపున గియ్యి!" అని అత్త వెయ్యిసార్లు తిట్టి ఉంటుంది. రంపానికి అంత ఓపికేదీ? ఎక్కడ దొరికితే అక్కడ గీసి నీళ్ల గిన్నెలో పడేస్తోంది. కర్ర్... కర్ర్...

అర్ధరాత్రి దాటింది. గాలి లేదు. ఆకు కదలడం లేదు.

గల్... గల్...

చేతిలో గింజ జారింది. అయినా ఆ నోరు ఊరుకుంటుందా?

"నువ్వేనా అత్తా? ఊరికే తిరగకపోతే వచ్చి కూర్చోరాదూ... నీ ఆకురాయి అక్కడే ఉంది."

ఎదురుగా ఖాళీ కుర్చీ. దాని మీద తుప్పు పట్టిన అత్త ఆకురాయి. చప్పుడు ఆగింది... మళ్లీ మొదలైంది.

టార్చి పట్టుకుని బయటికి నడిచింది. గుండెలో భయం ఉంది. ఆ సంగతి కాళ్లకు మాత్రం తెలియనివ్వలేదు. తీగలో చెయ్యి పెట్టి... పట్టుకుంది!

ఎండిన కాయల గుత్తి. కొయ్యతో చెక్కిన గులాబీల్లా విచ్చుకుని, నడిమి బుర్రల్లో గింజలు గలగలమంటున్నాయి. గుత్తికి ఒక పురికొస కట్టి ఉంది. ఆ పురికొస... గోడ దాటి అవతలికి పోయింది.

బలం కొద్దీ లాగింది.

"అబ్బా! నా వేలే!" గోడ అవతల బాబాయి.

"వెళ్లి పడుకో బాబాయ్. ఈ వయసులో దోమల మధ్య దెయ్యం ఉద్యోగం దేనికి?"

అవతల చెప్పుల చప్పుడు దూరమైంది. తలుపు గడియ పడింది. రంపం తనలో తను నవ్వుకుంటూ షెడ్డులోకి తిరిగొచ్చింది.

పళ్లెం ఖాళీ.

గింజలన్నీ నీళ్లలో ఉన్నాయి. టార్చి వేసి చూసింది. ఒక్కో గింజకూ ఒక్కో గీత... గోటితో తీసినంత సన్నగా, సరిగ్గా వీపున. తను గీసినవి మాత్రం ఏరేసి, ఇంకా తడితడిగా, కుర్చీ కింద పారేసి ఉన్నాయి.

అత్త ఆకురాయిని తాకింది. వేడిగా ఉంది.

తలుపు బార్లా తెరిచే ఉంది. తెల్లారడానికి ఇంకా చాలా టైముంది. పరిగెత్తితే... సంతకం.

రంపం వెళ్లి తలుపు మూసి, లోపల గడియ పెట్టింది. సంచిలోంచి ఇంకో రెండు దోసిళ్ల గింజలు పళ్లెంలో పోసుకుని కూర్చుంది.

"చచ్చినా నా పనికి వంకలు పెట్టడం మానవన్నమాట! సరే అత్తా... ఎవరి చెయ్యి ముందు నొప్పెడుతుందో చూద్దాం."

తల వంచి ఒక గింజ అందుకుంది. ఇంకా గీయనే లేదు —

ఎదుటి కుర్చీలోంచి... కర్ర్... కర్ర్...